ఒకేచోట ఆగే క్రాష్, చోటు మారే క్రాష్: తెనాలి పెళ్లి వీడియో స్టూడియోలో ఒక కేసు

తెనాలిలో పెళ్లి వీడియోలు చేసే ఒక స్టూడియోలో, వైశాఖ మాసపు ముహూర్తాల రద్దీ నడుమ, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఏ హెచ్చరికా లేకుండా మూసుకుపోవడం మొదలైంది. తెరమీద ఎర్రర్ సందేశం ఉండదు, నీలి తెర రాదు, కంప్యూటర్ రీస్టార్ట్ కాదు. పని చేస్తున్న విండో మాయమై డెస్క్‌టాప్ మాత్రం మిగులుతుంది. టైమ్‌లైన్‌లో (క్లిప్పులను వరుసగా పేర్చే పట్టీలో) క్లిప్ కత్తిరిస్తున్నప్పుడు ఒకసారి, రంగులు సరిచేస్తున్నప్పుడు ఒకసారి, రాత్రంతా నడవాల్సిన ఎక్స్‌పోర్ట్ (తుది వీడియో ఫైలు తయారీ) మధ్యలో మరొకసారి ఇలా జరిగేది. కంప్యూటర్ లోపాలు వెతికే పని చేసే నన్ను పిలిచేనాటికి వాళ్లు గ్రాఫిక్స్ డ్రైవర్ తీసి మళ్లీ వేశారు, మీడియా క్యాష్ (సాఫ్ట్‌వేర్ తాత్కాలికంగా దాచుకునే ఫైళ్లు) చెరిపారు, సాఫ్ట్‌వేర్‌ను పాత వెర్షన్‌కు మార్చారు, చివరికి విండోస్‌నే కొత్తగా ఇన్‌స్టాల్ చేశారు. చేసిన ప్రతి పని తర్వాతా కొన్ని గంటలు బాగానే నడిచి, మళ్లీ మొదటికొచ్చింది. గ్రాఫిక్స్ కార్డు మార్చడం ఒక్కటే దారి అని ఎవరో చెప్పగా, యజమాని కొత్త కార్డు కొనడానికి సిద్ధపడుతున్నారు.

వాళ్లు వాడేది ఏ సాఫ్ట్‌వేరో ఇక్కడ చెప్పడం లేదు. ప్రీమియర్ అయినా, రిజాల్వ్ అయినా, ఎడియస్ అయినా ఈ కేసులో జరిగిన విచారణ ఇదే దారిలో సాగేది; దోషం సాఫ్ట్‌వేర్‌ది కాదని చివరికి తేలింది కూడా. యంత్రం వివరాలు మాత్రం ముఖ్యం. పన్నెండు కోర్ల ప్రాసెసర్, 8 జీబీ సొంత మెమరీ ఉన్న గ్రాఫిక్స్ కార్డు, నాలుగు డీడీఆర్4 స్టిక్కులతో మొత్తం 64 జీబీ ర్యామ్, ప్రోగ్రాములకు ఒక ఎన్‌వీఎంఈ (వేగవంతమైన) డిస్కు, ఫుటేజీకి మరొకటి, క్యాష్‌కు మూడోది ఉన్నాయి. పెళ్లి వీడియోకు ఇది చాలినంత బలమైన యంత్రమే.

దేన్నైనా ముట్టుకోకముందు ప్రాజెక్ట్ ఫైలునూ, ఆటోసేవ్ ఫోల్డర్‌నూ బయటి డిస్కుకు కాపీ చేయించి, ఆ కాపీని అక్కడితో పక్కన పెట్టించాను. క్రాష్ అయ్యే యంత్రంలో ప్రాజెక్ట్‌ను పదే పదే తెరిచి సేవ్ చేస్తుంటే, సేవ్ జరుగుతున్న క్షణంలోనే క్రాష్ వచ్చి, ఉన్న ఒక్క ఫైలూ చెడిపోయే ప్రమాదం ఉంది. పెళ్లి ఫుటేజీ విషయంలో ఈ జాగ్రత్తకు ఉన్న విలువ వేరే ఏ పనిలోనూ లేదు, ఎందుకంటే జీలకర్ర బెల్లం రెండోసారి షూట్ చేయలేము.

లాగ్‌లు ఏం చెప్పాయి

విండోస్‌లో ప్రోగ్రాం నిశ్శబ్దంగా పడిపోయినా రికార్డు మాత్రం మిగులుతుంది. ఈవెంట్ వ్యూయర్ తెరిచి, విండోస్ లాగ్స్ కింద అప్లికేషన్ విభాగంలో 1000 నంబరు గల ఎంట్రీలు చూస్తే, పడిపోయిన ప్రోగ్రాం పేరు, ఏ మాడ్యూల్‌లో (ప్రోగ్రాం వాడే కోడ్ ఫైలులో) ఉండగా పడిపోయింది, ఏ ఎక్సెప్షన్ కోడ్‌తో (లోపం రకం చెప్పే నంబరుతో) పడిపోయింది అనే మూడు సంగతులు తెలుస్తాయి. ఇవే ఎంట్రీలు రోజులవారీగా చూడాలంటే రిలయబిలిటీ మానిటర్ మరింత సులువు. చాలామంది ఇక్కడ ఒక ఎంట్రీ తెరిచి, అందులో కనిపించిన మాడ్యూల్ పేరునే దోషిగా పట్టుకుంటారు. ఒక్క ఎంట్రీకి అంత సాక్ష్యబలం లేదు. పదీ పదిహేను ఎంట్రీలను పక్కపక్కన పెట్టినప్పుడే వాటి మధ్య పోలిక గానీ, పోలిక లేకపోవడం గానీ కనిపిస్తుంది.

ఈ యంత్రంలో కనిపించింది పోలిక లేకపోవడమే. ఒక ఎంట్రీలో వీడియో కోడెక్ ఫైలు, ఇంకొకదానిలో విండోస్‌కు చెందిన ఎన్‌టీడీఎల్ఎల్, వేరొకదానిలో సీ రన్‌టైమ్ లైబ్రరీ ఉన్నాయి. కోడ్ ఎక్కువసార్లు సి0000005, అంటే తనది కాని మెమరీ చిరునామాను ముట్టుకున్నందుకు ప్రోగ్రామును ఆపేసినట్టు. కొన్నిచోట్ల సి0000374, అంటే ప్రోగ్రాం తన పని కోసం తీసుకునే మెమరీ భాగం, హీప్, పాడైనట్టు. ఎన్‌టీడీఎల్ఎల్ పేరు కనబడగానే విండోస్ చెడిపోయిందని మళ్లీ ఇన్‌స్టాల్ చేయడం ఈ వృత్తిలో తరచుగా చూస్తుంటాను. హీప్ పాడైన సంగతిని మొదట గమనించేది ఆ లైబ్రరీయే కాబట్టి పేరు దానిది పడుతుంది. పాడుచేసింది అది కాదు.

అయితే ఈ చిందరవందర మధ్యలో ఒక గుంపు మాత్రం వేరుగా నిలిచింది. ఆ ఎంట్రీలన్నిటిలో మాడ్యూల్ ఒకటే, గ్రాఫిక్స్ డ్రైవర్‌కు చెందిన ఫైలు. వాటిలో కొన్నింటికి సరిగ్గా అదే సమయానికి, సిస్టమ్ విభాగంలో డిస్‌ప్లే డ్రైవర్ స్పందించక ఆగి మళ్లీ కోలుకున్నట్టు చెప్పే 4101 ఎంట్రీ కూడా ఉంది.

ఎడిటర్ కుర్రాడిని అడిగితే కేసు మొత్తానికి తాళం చెవి లాంటి మాట చెప్పాడు: "ఎక్కడ పోతుందో చెప్పలేమండీ, ఒక్కోసారి ఒక్కోచోట. ఆల్బమ్ దగ్గర మాత్రం ఎప్పుడూ పోతుందండీ." ఇంతవరకూ ఈ రెండు వాక్యాలనూ అందరూ ఒకే జబ్బు లక్షణాలుగా విన్నారు. నాకు అవి రెండు వేరు వేరు జబ్బులుగా తోచాయి. ఒకే టైమ్‌కోడ్ (వీడియోలోని ఒక క్షణం) దగ్గర ప్రతిసారీ జరిగే క్రాష్‌కు కారణం ఆ చోట ఉన్న వస్తువులో, అంటే క్లిప్‌లోనో, ఎఫెక్ట్‌లోనో, టైటిల్‌లోనో, ఫాంట్‌లోనో ఉంటుంది. చోటు మారుతూ జరిగే క్రాష్‌కు కారణం టైమ్‌లైన్‌లో ఉండదు. దాని అడుగున ఉన్న యంత్రంలో ఉంటుంది. రెండూ కలిసి ఉన్నప్పుడు, ఒకదానికి సరైన మందు వేసినా రెండోది వచ్చి ఆ మందు పనిచేయలేదనిపిస్తుంది. ఇన్నాళ్ల ప్రయత్నాలు ఫలించకపోవడానికి కారణం ఇదే. అందుకని అప్పటినుంచి ప్రతి క్రాష్‌నూ రాసిపెట్టమని ఎడిటర్‌ను అడిగాను: సమయం, టైమ్‌కోడ్, ఆ క్షణంలో చేస్తున్న పని, లాగ్‌లోని మాడ్యూల్ పేరు. ఆల్బమ్ దగ్గర జరిగినవి ఒక పేజీలో, మిగిలినవి మరో పేజీలో.

ఆల్బమ్ దగ్గర క్రాష్

ముందు దీన్నే తీసుకున్నాను, కావాలన్నప్పుడు రప్పించగలిగే లోపాన్ని పట్టుకోవడం తేలిక కాబట్టి. ఎక్స్‌పోర్ట్ ఎంత శాతం దగ్గర ఆగిందో చూసి చోటు లెక్కగట్టడం నమ్మదగిన పద్ధతి కాదు. టైమ్‌లైన్‌ను సగానికి విడదీసి, ఏ సగంలో క్రాష్ వస్తే దాన్ని మళ్లీ సగం చేసుకుంటూ పోతే, 160 నిమిషాల వీడియో ఏడు విభజనల్లో నిమిషంన్నర లోపుకు దిగుతుంది. ఇక్కడ ఎడిటర్ చోటు ముందే చూపించాడు కాబట్టి అన్ని విభజనలు అవసరం కాలేదు. ఆల్బమ్ భాగంలో ఏ రెండు షీట్ల మధ్య అన్నది తేల్చుకోవడానికి మాత్రం ఇదే పద్ధతి ఉపయోగపడింది.

ఆ భాగంలో ఉన్నవి కరిజ్మా ఆల్బమ్ షీట్లు. ఆల్బమ్ డిజైన్ చేసినవారు ఇచ్చిన 12×36 అంగుళాల జేపెగ్‌లను ఏ మార్పూ లేకుండా నేరుగా టైమ్‌లైన్ మీదికి తెచ్చారు. అంగుళానికి 300 చుక్కల చొప్పున ఒక్కో షీట్ 10,800×3,600 పిక్సెళ్లు, అంటే మూడు కోట్ల ఎనభై ఎనిమిది లక్షల ఎనభై వేలు. డిస్కు మీద ఆ జేపెగ్ కొన్ని ఎంబీలే ఉంటుంది కాబట్టి తేలికగా కనిపిస్తుంది. కానీ గ్రాఫిక్స్ కార్డు దాన్ని విప్పి 32-బిట్ ఫ్లోట్‌లో పనిచేస్తే, ఒక్కో పిక్సెల్‌కు నాలుగు చానళ్లకు కలిపి 16 బైట్లు పడుతుంది. అంటే ఒక్క షీట్‌కు దాదాపు 622 ఎంబీ. అదే లెక్కలో 3,840×2,160 కొలతల 4కె వీడియో ఫ్రేమ్‌కు పట్టేది 133 ఎంబీ మాత్రమే.

షీట్ వెడల్పుగా ఉండి తెరకు పైనా కిందా ఖాళీ మిగులుతుంది గనుక, అదే షీట్‌ను పెద్దది చేసి, మసకబార్చి వెనక పరచడం మన స్టూడియోలన్నిటిలో ఉన్న అలవాటు. అంటే ఒక్కో షీట్ రెండు పొరలు. ఒక షీట్ నుంచి మరో షీట్‌కు డిసాల్వ్ (ఒకటి కరిగి మరొకటి తేలే మార్పు) వేస్తే ఆ సెకను పాటు నాలుగు పొరలు ఒకేసారి కార్డు మెమరీలో ఉండాలి: సుమారు 2.5 జీబీ. బ్లర్ ఎఫెక్ట్ తన లెక్క చేసుకోవడానికి ఇన్‌పుట్, అవుట్‌పుట్‌లకు విడివిడిగా చోటు అడుగుతుంది, స్కేలింగ్ మరికొంత అడుగుతుంది. దీనికితోడు రాబోయే ఫ్రేములను సాఫ్ట్‌వేర్ ముందుగానే సిద్ధం చేసుకుంటూ ఉంటుంది. టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ కింద డెడికేటెడ్ జీపీయూ మెమరీ గీతను చూస్తూ ఆ భాగాన్ని నడిపిస్తే, మామూలు పెళ్లి క్లిప్పుల మీద సగం కూడా దాటని గీత, డిసాల్వ్ రాగానే 8 జీబీ పైకప్పును తాకింది. వెంటనే విండో మాయమైంది.

రుజువు కోసం గ్రాఫిక్స్ యాక్సిలరేషన్ ఆపి, ప్రాసెసర్ మీదే రెండర్ అయ్యేలా మార్చి అదే భాగాన్ని ఎక్స్‌పోర్ట్ చేయించాను. బాగా నెమ్మదిగా సాగింది గానీ ఆల్బమ్ భాగం చివరిదాకా వచ్చింది. మళ్లీ ఆన్ చేస్తే అదే డిసాల్వ్ దగ్గర పోయింది. ఇలా ఒక మార్పుతో ఆపి, ఆ మార్పును తీసేసి తిరిగి రప్పించగలిగినప్పుడే కారణం దొరికిందని నేను ఒప్పుకుంటాను. ఒక మార్పు తర్వాత క్రాష్ రాకపోవడం దానంతట అది రుజువు కాదు.

పరిష్కారం చిన్నది. షీట్లన్నిటినీ ఫొటో సాఫ్ట్‌వేర్‌లో ఒక బ్యాచ్ యాక్షన్‌తో 5,760×1,920కి కుదించాం. 4కె తెర మీద షీట్‌ను మెల్లగా పక్కకు జరపడానికి ఆ వెడల్పు సరిపోతుంది, ఒక్కో షీట్ బరువు 177 ఎంబీకి దిగుతుంది. మసక నేపథ్యాన్ని టైమ్‌లైన్‌లో ఎఫెక్ట్‌గా కాకుండా, ముందే తయారుచేసిన 3,840×2,160 బొమ్మగా పెట్టాం. ఆ తర్వాత ఆల్బమ్ దగ్గర క్రాష్ మళ్లీ రాలేదు, కొత్త కార్డు కొనే ఆలోచనా అక్కడితో ఆగింది. ఎక్కువ మెమరీ ఉన్న కార్డు కొని ఉంటే ఈ ఒక్క క్రాష్ ఆగేదే, కానీ అంత ఖర్చు పెట్టాక కూడా రెండో పేజీలోని క్రాష్‌లు అలాగే ఉండేవి.

చోటు మారే క్రాష్

రెండో పేజీ నిండుతూనే ఉంది. తలంబ్రాల దగ్గర ఒకసారి, అప్పగింతల దగ్గర ఒకసారి, రిసెప్షన్ పాటల్లో ఇంకొకసారి. క్రాష్ అయిన చోటికే వెళ్లి మళ్లీ నడిపిస్తే హాయిగా దాటిపోతుంది. గ్రాఫిక్స్ యాక్సిలరేషన్ ఆపినా ఇవి ఆగలేదు, కాబట్టి కార్డు నిందనుంచి బయటపడింది. టైటిళ్లకు వాడే పాత యూనికోడేతర తెలుగు ఫాంట్ల మీదా, బయటి ప్లగిన్ల మీదా అనుమానం ఉండేది. ఏ ప్లగిన్, ఏ టైటిల్ లేని కొత్త ప్రాజెక్ట్‌లో ఉత్త ఫుటేజీ పరిచి నడిపించినా క్రాష్ వచ్చింది కనుక ఆ అనుమానమూ తీరింది. ప్రాసెసర్ వేడి హద్దులోనే ఉంది, డిస్కుల ఆరోగ్య రీడింగులు బాగున్నాయి. కరెంటు సమస్య అయితే ప్రోగ్రాం ఒక్కటే మూసుకుపోదు. యంత్రమే ఆగిపోయి, సిస్టమ్ లాగ్‌లో కెర్నల్-పవర్ 41 నంబరు ఎంట్రీ ఉంటుంది. ఇక్కడ అది లేదు.

ఆ పేజీలో సమయాల వరుస చూస్తే ఒక విషయం బయటపడింది. ఉదయం పూట క్రాష్‌లు అరుదు, మధ్యాహ్నం దాటాక దట్టం. రీస్టార్ట్ చేసినా, విండోస్ మళ్లీ వేసినా కొన్ని గంటలు బాగుండటానికి అర్థం కూడా ఇందులో దొరికింది. ఆ పనులు జరుగుతున్నంతసేపూ యంత్రం మీద భారం లేదు, అది చల్లబడింది. బాగుచేసింది డ్రైవర్ కాదు, విరామం.

యంత్రానికి ఏడాదిలో ఏమేం మార్పులు చేశారని యజమానిని అడిగితే, ముహూర్తాలు లేని పుష్యమాసంలో తీరిక చూసుకుని 32 జీబీ ర్యామ్‌ను 64 జీబీ చేయించానన్నారు. ఉన్న రెండు 16 జీబీ స్టిక్కులకు తోడు, వేరే తయారీదారు నుంచి అదే 3600 వేగం (సెకనుకు మిలియన్ల బదిలీలలో) రాసి ఉన్న మరో రెండు తెచ్చి వేశారు. మాఘ ఫాల్గుణాల్లో ఏ ఇబ్బందీ రాలేదు కాబట్టి ఆ మార్పును ఎవరూ గుర్తుపెట్టుకోలేదు. లోపం వేసవి వేడి వచ్చేదాకా ఆగి బయటపడింది.

దీని వెనక పనితీరు కొంత వివరంగా చెప్పాలి. డీడీఆర్4 కు పరిశ్రమ ప్రమాణం నిర్ణయించిన వేగాలు 3200 దగ్గర ఆగుతాయి, వోల్టేజీ 1.2. స్టిక్కు డబ్బా మీద ఉండే 3600 అనేది ఎక్స్‌ఎంపీ ప్రొఫైల్‌ను (తయారీదారు స్టిక్కులో రాసి ఉంచిన అధిక వేగపు సెట్టింగులను) యంత్రపు మూల సెట్టింగులుండే బయోస్‌లో ఆన్ చేస్తే, సాధారణంగా 1.35 వోల్టుల మీద వచ్చే వేగం. ఆ హామీ ఆ డబ్బాలో కలిసి వచ్చిన జతకు మాత్రమే వర్తిస్తుంది. రెండు జతలు కలిపి నాలుగు స్లాట్లూ నింపితే ప్రాసెసర్‌లోని మెమరీ కంట్రోలర్ మీద విద్యుత్ భారం పెరుగుతుంది, అది స్థిరంగా నడపగల వేగం తగ్గుతుంది. ప్రాసెసర్ తయారీదారులు తమ పట్టికల్లో రెండు స్టిక్కులకు ఒక వేగం, నాలుగింటికి అంతకంటే తక్కువ వేగం ఇవ్వడం ఇందుకే. ఇక ర్యామ్‌లో ప్రతి బిట్ ఒక అతి చిన్న విద్యుదావేశం. అది కారిపోతూ ఉంటుంది గనుక 64 మిల్లీసెకన్లకు ఒకసారి తిరిగి నింపుతారు. వేడి పెరిగేకొద్దీ కారుడు వేగం పెరుగుతుంది. అంచు మీద నడుస్తున్న ర్యామ్‌కు మే నెల మధ్యాహ్నం ఆ అంచును దాటిస్తుంది.

ఒక్క బిట్ తిరగబడితే ఏం జరుగుతుందన్నది అది ఎక్కడ పడిందన్న దాన్నిబట్టి ఉంటుంది. చిరునామా దాచుకున్న చోట పడితే ప్రోగ్రాం తనది కాని మెమరీలోకి వెళ్లి సి0000005 తో పడిపోతుంది, ఆ క్షణంలో ఏ మాడ్యూల్ నడుస్తుంటే లాగ్‌లో దాని పేరు పడుతుంది. మాడ్యూల్ పేర్లు పొంతన లేకుండా ఉండటానికి కారణం ఇది. పిక్సెల్ మీద పడితే ఎవరూ గమనించరు. ఇలాంటి మామూలు ర్యామ్‌లో తప్పును కనిపెట్టే ఏర్పాటు లేదు, కాబట్టి హార్డ్‌వేర్ తప్పులు నమోదయ్యే లాగ్‌లో కూడా ఏమీ ఉండదు. ఆ లాగ్ ఖాళీగా ఉంది కాబట్టి ర్యామ్ బాగున్నట్టే అనుకోకూడదు. అదే యంత్రంలో బిల్లింగ్ సాఫ్ట్‌వేర్, బ్రౌజర్ ఎప్పుడూ పడిపోలేదంటే, అవి 64 జీబీలో కొద్ది భాగాన్నే కొద్దిసేపు వాడతాయి. ఎడిటింగ్ గంటల తరబడి మొత్తం ర్యామ్‌ను రాసి చదువుతుంది.

విండోస్‌తో వచ్చే మెమరీ డయాగ్నస్టిక్‌ను స్టూడియోవాళ్లు ఇదివరకే నడిపారు, తప్పు చూపలేదు. నేను ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 ప్లస్‌ను పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేసి, క్యాబినెట్ మూత వేసి, ఏసీ ఆపిన గదిలో మధ్యాహ్నం నుంచి నడిపించాను. వేడెక్కే దాకా ఏమీ లేదు. ఆ తర్వాత తప్పులను చూపే ఎర్ర వరుసలు రావడం మొదలైంది. పాత జతను మాత్రమే ఉంచి 3600 మీద నడిపితే తప్పు లేదు, కొత్త జతను మాత్రమే ఉంచినా లేదు. నాలుగూ కలిపి ఎక్స్‌ఎంపీ ఆపి 2666 మీద నడిపితే, రాత్రంతా, మర్నాడు మధ్యాహ్నపు వేడిలో కూడా ఒక్క తప్పూ రాలేదు. అంటే ఏ స్టిక్కూ చెడ్డది కాదు, అమ్మినవారి తప్పు కూడా లేదు. నాలుగింటినీ కలిపి ఆ వేగంతో నడపడమే తప్పు. వారంటీకి పంపి ఉంటే బాగానే ఉన్నాయని తిరిగి వచ్చేవి.

ఎక్స్‌ఎంపీ ఆపి ఉంచాం. రెండో పేజీలో కొత్త ఎంట్రీ పడలేదు. పరీక్ష కోసం పాత పెద్ద షీట్లను ఒకసారి తిరిగి పెట్టి చూస్తే ఆల్బమ్ క్రాష్ వెంటనే వచ్చింది, మిగిలిన టైమ్‌లైన్ అంతా నిలకడగా నడిచింది. రెండు జబ్బులకూ ఒకదానితో ఒకటికి సంబంధం లేదని దీనితో నిర్ధారణ అయింది. వేగం తగ్గించినందుకు ఎక్స్‌పోర్ట్ సమయంలో వచ్చిన తేడా ఎడిటర్ పట్టించుకునేంత లేదు.

ఆ నెలల్లో కాపీ అయిన ఫుటేజీ

క్రాష్‌లు ఆగగానే కేసు మూసేయడం ఈ సందర్భంలో సరికాదని యజమానికి గట్టిగా చెప్పాను. ర్యామ్ తప్పుతో నడుస్తున్న కాలంలో కెమెరా కార్డుల నుంచి డిస్కుకు కాపీ అయిన ప్రతి ఫైలూ ఆ ర్యామ్ గుండానే ప్రయాణించింది. దారిలో ఒక బిట్ మారితే విండోస్ ఏ ఫిర్యాదూ లేకుండా మారిన ఫైలునే రాసేస్తుంది. ఫైలు సైజు, తేదీ అన్నీ సరిపోతాయి. నెలల తర్వాత ఎప్పుడో ఒక ఫ్రేములో గళ్లు గళ్లుగా చెదిరిన బొమ్మ కనిపిస్తుంది. కార్డులేమో అప్పటికే ఫార్మాట్ అయి మరో పెళ్లికి వెళ్లి ఉంటాయి.

అదృష్టవశాత్తూ ఈ స్టూడియోకు షూటింగ్ జరిగిన రోజే మండపం దగ్గర లాప్‌టాప్‌తో బయటి డిస్కుకు ఒక కాపీ తీసే అలవాటు ఉంది. లాప్‌టాప్ కాపీకీ, ఎడిటింగ్ యంత్రంలోని కాపీకీ విండోస్‌లోనే ఉన్న సర్ట్‌యుటిల్ ఆదేశంతో ఎస్‌హెచ్‌ఏ-256 హాష్‌లు (ఫైలులో ఒక్క బిట్ మారినా మారిపోయే గుర్తింపు సంఖ్యలు) తీయించి, లాప్‌టాప్ మీదే పోల్చాం. అనుమానం ఉన్న యంత్రం మీద లెక్కిస్తే ఆ లెక్కనూ నమ్మలేం. ఎక్కువ భాగం సరిపోయాయి. సరిపోనివి కొన్ని దొరికాయి. వాటిలో ఒకటి అప్పగింతల క్లిప్, అప్పటికే టైమ్‌లైన్‌లో ఉన్నది. చూస్తే ఏ తేడా తెలియలేదు, అయినా లాప్‌టాప్ కాపీలోని ఫైళ్లతో అన్నిటినీ మార్చి, టైమ్‌లైన్‌లో రీలింక్ చేసి, ఆ భాగాల రెండర్ ప్రివ్యూలను చెరిపి కొత్తగా తయారుచేయించాం. పాడైన ప్రివ్యూనే తుది ఎక్స్‌పోర్ట్‌లో వాడుకునే సెట్టింగు కొన్ని చోట్ల ఆన్‌లో ఉంటుంది, అందుకని ఆ చెరపడం తప్పనిసరి. అదే కాలంలో అప్పటికే ఇచ్చేసిన పెళ్లిళ్ల ఫుటేజీని కూడా, బయటి డిస్కులు ఉన్నంతవరకు, ఇలాగే పోల్చమన్నాను.

ఆషాఢంలో పని తగ్గాక నాలుగు స్టిక్కులనూ తీసి, ఒకే డబ్బాలో వచ్చిన 32 జీబీ స్టిక్కుల జతను రెండు స్లాట్లలో వేశారు. ఎక్స్‌ఎంపీ ఆన్ చేసి వేడి గదిలో అదే మెమరీ పరీక్ష మళ్లీ నడిపించాం, తప్పులు రాకపోవడంతో ఇప్పుడు ఆ వేగంలోనే నడుస్తోంది. తీసిన స్టిక్కుల్లో పాత జత ఆఫీసు కంప్యూటర్‌కు వెళ్లింది. కెమెరా కార్డు ఫార్మాట్ చేసే ముందు రెండు కాపీల హాష్‌లు సరిచూసే పనిని ఎడిటర్ ఒక బ్యాచ్ ఫైలుగా రాసుకుని, శ్రావణ మాసం మొదటి ముహూర్తం నుంచి వాడుతున్నాడు.